ఎదుటివాడి కంట్లో మన వెలుగు

రాత్రిపూట కారు నడిపేవాడికి తన హెడ్‌లైట్లు కనిపించవు. రోడ్డు మీద పడిన వెలుగు కనిపిస్తుంది, అంతే. ఆ దీపం ఎంత మసకబారిందో, కాంతి ఎటు చెదురుతోందో తెలిసేది ఎదురుగా వచ్చేవాడికి, రోడ్డు దాటడానికి అడుగు వేయబోతున్నవాడికి. అపార్ట్‌మెంట్ బయట ఎండలో నిలిపిన పదేళ్ల నాటి కార్ల ముందు పగటిపూట ఒకసారి ఆగి చూద్దాం. చాలావాటి హెడ్‌లైట్లు పసుపు తిరిగి ఉంటాయి. ఆకాశం వైపు తిరిగిన పైభాగం మరీ ఎక్కువగా, అక్కడక్కడ పొర లేచిపోయి కూడా ఉంటుంది. ఇది రోడ్డు మీద తిరిగే ఒక నైతిక ప్రశ్న అంటే అతిశయోక్తి అనిపించవచ్చు. అవునో కాదో చూద్దాం.

పాత అంబాసిడర్‌కు, ప్రీమియర్ పద్మినికి ఈ జబ్బు లేదు. వాటి దీపాల ముందున్నది గాజు. అమెరికాలోనైతే 1940 నుంచి నాలుగు దశాబ్దాలకు పైగా గాజుతో చేసిన సీల్డ్ బీమ్ దీపాలే నిబంధన. 1983లో ఆ నిబంధన సడలింది. మరుసటి ఏడాది మోడల్ లింకన్ మార్క్ సెవెన్‌తో, కారు ముఖానికి తగ్గట్టు మలిచిన దీపాలు వచ్చాయి. ఆ మలుపుకు వీలు కల్పించిన పదార్థం పాలీకార్బొనేట్. 1953లో జర్మనీలోని బేయర్ కంపెనీలో హెర్మన్ ష్నెల్ తయారుచేసిన ప్లాస్టిక్ ఇది. తేలిక, ఏ వంపుకైనా ఒదుగుతుంది, రాయి తగిలితే గాజులా పగలదు. కానీ ఎండలోని అతినీలలోహిత కిరణాలను తట్టుకోలేదు. అందుకే ఫ్యాక్టరీలోనే దాని మీద వెంట్రుక కంటే పలుచని రక్షణ పూత వేస్తారు. ఎండకూ వానకూ ఇసుకకూ ఆ పూత అరిగిపోయాక, కిరణాలు నేరుగా ప్లాస్టిక్ అణువుల గొలుసులను తెంపుతాయి. అలా పుట్టే కొత్త పదార్థాలు నీలి కాంతిని మింగేస్తాయి కనుక మిగిలింది మన కంటికి పసుపుగా కనిపిస్తుంది. పైపొరలో పడే సన్నని పగుళ్లు కాంతిని పక్కలకు చెదరగొడతాయి.

గాజు రోజులే నయం అనేద్దామా? గాజు పగిలి ముక్కలు పాదచారి ఒంట్లో దిగబడిన రోజులు కూడా అవే. ఒక ప్రమాదాన్ని తగ్గించుకుంటూ మరో ప్రమాదాన్ని కొనుక్కున్నాం. తేడా ఎక్కడంటే, గాజు పగిలితే ఆ క్షణమే తెలుస్తుంది. ప్లాస్టిక్ పసుపెక్కడం ఏళ్ల తరబడి, రోజుకు కాసింత చొప్పున సాగుతుంది. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా లేదు కాబట్టి ఏ రోజూ ఫిర్యాదు చేయాలనిపించదు. అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2018లో పాత కార్ల హెడ్‌లైట్లను పరీక్షించినప్పుడు, డిమ్‌లో అవి కొత్తవాటి వెలుగులో 22 శాతమే ఇస్తున్నాయని తేలింది. దాదాపు అయిదింట నాలుగు వంతుల వెలుగు పోయినా నడిపేవాడు అలవాటు పడిపోతాడు.

ఇతరులు మనకు ఏది చేస్తే బాధ కలుగుతుందో అది మనం ఇతరులకు చేయకుండా ఉండటమే ధర్మమని తిక్కన భారతం చెబుతుంది. మతంతో పని లేకుండా నిలబడే సూత్రం అది. అయినా దాన్ని కూడా పరీక్షించాల్సిందే. ఎదుటి కారు హై బీమ్ కంట్లో కొట్టినప్పుడు మనం తిట్టుకుంటాం. అదే పని మనమూ చేస్తున్నామని తెలిస్తే మానేస్తాం కూడా. కానీ పసుపెక్కిన హెడ్‌లైట్ కాంతి కూడా అలాగే చెదురుతోందన్న సంగతి స్టీరింగ్ వెనక కూర్చున్నంతసేపూ తెలిసే దారి లేదు. ఎవరికీ హాని చేయకూడదన్న మంచి మనసు నిండుగా ఉన్నవాడు కూడా పసుపెక్కిన హెడ్‌లైట్లతో హాయిగా తిరుగుతుంటాడు. కాబట్టి ఆ సూత్రం అమలు కావాలంటే దాని వెనక ఇంకో బాధ్యత ఉండాలి: మనం ఏం చేస్తున్నామో, దిగి, ముందుకు వచ్చి చూసుకోవడం. తెలియకపోవడం తప్పు కాదు గానీ, తెలుసుకునే వీలుండీ చూడకపోవడాన్ని ఏమనాలి?

మసకేసిన హెడ్‌లైటును మసకేసిన మనసుతో పోల్చడం ఇక్కడ చాలా సులువు. ఆ దారి వద్దు. ప్లాస్టిక్‌కు తన పసుపు తెలియదు, అడిగినా చెప్పదు. మనిషి సంగతి అది కాదు.

వెలుగు తగ్గిందని అనుమానం రాగానే చాలామంది చేసే మొదటి పని ఇంకా పవరున్న బల్బు వేయించడం. ఎల్‌ఈడీ బల్బులు అమ్మే దుకాణాలకు కొదవ లేదు. పాడైన పొర వెనక బలమైన బల్బు పెడితే చెదిరే కాంతి కూడా బలంగానే చెదురుతుంది. మన దారి కాస్త తెల్లగా కనిపిస్తుంది, ఎదుటివాడికి కళ్లు బైర్లు కమ్ముతాయి. లాభం మనకు, ఖర్చు అతనికి!

సరైన చికిత్సకు ఓపిక కావాలి. విజయవాడ ఆటోనగర్‌లోనో మరోచోటో ఈ పని తెలిసిన పెయింటర్ చేతులను దగ్గరగా చూస్తే, ముందు చుట్టూ ఉన్న పెయింటుకు మాస్కింగ్ టేప్ అంటిస్తాడు. తడిపిన వాటర్ పేపర్‌తో, పొర బాగా ముదిరితే 800 నంబరుతో, రుద్దడం మొదలుపెడతాడు. కారే నీళ్లు ముందు పసుపుగా ఉంటాయి. పాడైన పొర పోయేకొద్దీ తెల్లబడతాయి. ఈ దశలో హెడ్‌లైట్ మునుపటికన్నా అధ్వానంగా, అవతల ఏముందో కనిపించనంత తెల్లగా తయారవుతుంది. పక్కన నిలబడ్డ కారు యజమాని గుండె గుభేలుమనేది ఇక్కడే. తర్వాత 1500, 2000, 3000. ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా. ప్రతి నంబరూ అంతకు ముందు పేపర్ గీసిన గీతలను చెరిపి, తన సన్నని గీతలను మిగులుస్తుంది. చివర కాంపౌండ్ పెట్టి బఫింగ్ చేస్తే లోపలి బల్బు స్పష్టంగా కనిపిస్తుంది.

చాలామంది అక్కడితో ఆపేస్తారు. టూత్‌పేస్టుతో రుద్దే చిట్కా కూడా అక్కడే ఆగుతుంది. పేస్టులోని సన్నని రాపిడి పదార్థం పైపైన పసుపును తీస్తుంది, అంతవరకు నిజం. అయితే గట్టిగా రుద్దినప్పుడు పసుపుతో పాటు ఫ్యాక్టరీ పూతలో మిగిలినది కూడా పోతుంది. ఏ రక్షణా లేని ప్లాస్టిక్ నెలల్లోనే మళ్లీ పసుపెక్కుతుంది. కిరణాలను ఆపే క్లియర్ కోట్ వేస్తేనే పని పూర్తయినట్టు. గట్టిపడేందుకు హార్డెనర్ కలిపే రకం ఎక్కువకాలం నిలుస్తుంది. దాన్ని స్ప్రే చేసేటప్పుడు వచ్చే ఐసోసయనేట్ ఆవిరి ఊపిరితిత్తులకు చెడ్డది, తగిన మాస్కు లేకుండా కొట్టకూడదు. మన హెడ్‌లైట్ మెరిసిందా అని చూసేటప్పుడు, కొట్టిన మనిషి ముక్కుకు చేతిరుమాలు తప్ప ఇంకేమైనా ఉందా అన్నది కూడా చూడాలి కదా.

ఇంత చేశాక అది కొత్తదవుతుందా? అదే అమెరికన్ పరీక్షలో, బాగుచేసిన దీపాలు కొత్తవాటి వెలుగులో సుమారు 70 శాతానికి చేరాయి. కానీ ఎదుటివారి కళ్లలో కొట్టే కాంతి అక్కడి ప్రభుత్వ పరిమితిని దాటింది. అయినా బాగుచేయడమే మేలని వారి నిర్ణయం. నాకూ అది సబబే అనిపిస్తుంది, ఒక షరతు మీద: 70ని 100 అని చెప్పకూడదు. సెకండ్‌హ్యాండ్ కారు అమ్మేముందు చేసే పాలిష్‌తో ఇదే ఇబ్బంది. పూత వేయకుండా మెరిపించిన హెడ్‌లైట్ అమ్మకం నాటికి తళతళలాడుతుంది, కొన్నవాడి దగ్గర పసుపెక్కుతుంది. చేతి పని ఒకటే. ఒకచోట మరమ్మతు, ఇంకోచోట మోసం. రెంటినీ వేరు చేసేది పైన వేసే ఆ పలుచని పూత, దాని గురించి చెప్పే ఒక్క మాట.

దసరాకు మనం వాహనాలు కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తాం. కొందరు కొత్త బండిని నేరుగా ఇంద్రకీలాద్రి దగ్గరికో కొండగట్టుకో తీసుకెళతారు. దీన్ని చూసి నవ్వేయాల్సిన పని లేదు. ఏడాదిలో ఒక్కసారైనా మనిషి తన కారు ముందుకు వచ్చి, దాని ముఖంలోకి చూసేలా చేసే ఆచారం అది. అయితే హెడ్‌లైట్ మీద బొట్టు పెట్టే వేలికి ఆ గరుకుతనం తగులుతుందా? తగిలితే పూజ ఒక రకం శ్రద్ధే. తగలకపోతే, కాపాడే భారాన్ని పూర్తిగా దేవుడి మీద వేశామేమో అన్న అనుమానం మిగులుతుంది. ఏది నిజమో బయటినుంచి చూసి తేల్చలేం.

చట్టం ఎంత దూరం చూస్తుంది? అద్దె కార్లకు ఎప్పటికప్పుడు ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. సొంత కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ లోపు హెడ్‌లైట్ చూపించమని పిలిచేవారు ఎవరూ లేరనే చెప్పాలి. పోనీ అందరి కార్లూ ఒకేలా పసుపెక్కుతాయా అంటే అదీ లేదు. సెల్లార్‌లో పడుకునే కారుకు నీడ ఉంది. రోజంతా ఎండలో బుకింగ్ కోసం ఎదురుచూసే క్యాబ్‌కు లేదు. రాత్రి ఎక్కువ తిరిగేదీ అదే. ఆ కారు వేరొకరిదైతే, పాలిష్‌కీ కోటింగ్‌కీ డబ్బులివ్వమని డ్రైవర్ అడిగినప్పుడు వచ్చే జవాబు మనం ఊహించగలం: "బల్బు వెలుగుతోందిగా!" వెలుగుతోంది, నిజమే. అందులో అబద్ధం లేదు కాబట్టే డ్రైవర్ దగ్గర దానికి ఎదురుమాట ఉండదు.