విశ్వాసం, వివేకం, న్యాయాసనం

ఒక మతాన్ని రాజ్యమతంగా ప్రకటించుకున్న దేశంలో, ఆ మతానికి చెందని వ్యక్తి అత్యున్నత న్యాయస్థానంలో కూర్చుని అక్కడి శాసనాలకు అర్థనిర్ణయం చేయవచ్చునా అన్న ప్రశ్న పాకిస్తాన్ చరిత్రలో కేవలం ఊహగా మిగిలిపోలేదు. క్రైస్తవుడైన ఎ.ఆర్. కార్నీలియస్ 1960 నుంచి 1968 వరకు ఆ దేశ ప్రధాన న్యాయమూర్తిగా ఉన్నారు. పార్సీ అయిన దొరాబ్ పటేల్ సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా పనిచేశారు. సింధ్ ప్రాంతపు హిందువైన రాణా భగవాన్‌దాస్ 2000లో ఆ కోర్టుకు చేరి, 2007లో కొన్ని నెలలపాటు తాత్కాలిక ప్రధాన న్యాయమూర్తి బాధ్యతలు నిర్వహించారు.

ఈ నియామకాలపై వచ్చే అభ్యంతరాన్ని తేలికగా తోసివేయడానికి వీల్లేదు. ఇస్లామిక్ ధర్మశాస్త్రమైన ఫిఖ్‌లో అధికసంఖ్యాక పండితులు, ముస్లింలకు తీర్పు చెప్పే ఖాజీ ముస్లిమే అయి ఉండాలన్నారు. న్యాయనిర్ణయాన్ని వారు విలాయత్‌గా, అంటే ఇతరులపై చెల్లే ధర్మబద్ధమైన అధికారంగా భావించారు. పైగా చట్టాలన్నీ ఖురాన్‌కూ, ప్రవక్త ఆచరణ అయిన సున్నాకూ అనుగుణంగా ఉండాలని 1973 నాటి రాజ్యాంగం చెబుతుంది. ముస్లిమేతరుడు న్యాయమూర్తి పదవికి అనర్హుడంటూ భగవాన్‌దాస్ నియామకాన్ని కోర్టులో సవాలు చేసినవారూ ఉన్నారు. ఆ పిటిషన్ నిలవలేదు.

రాజ్యాంగ నిర్మాణం ఈ వివాదంలో స్పష్టమైన గీత గీసింది. దేశాధ్యక్షుడూ ప్రధానమంత్రీ ముస్లింలై ఉండాలని నియమించిన ఆ రాజ్యాంగమే, సుప్రీంకోర్టు న్యాయమూర్తి అర్హతలు చెప్పే 177వ అధికరణంలో పౌరసత్వాన్నీ న్యాయవృత్తి అనుభవాన్నీ కోరిందే గాని మతాన్ని కోరలేదు. చట్టాలు ఇస్లాంకు అనుగుణంగా ఉన్నాయో లేదో పరిశీలించే ఫెడరల్ షరియత్ కోర్టుకు మాత్రం ముస్లిం న్యాయమూర్తులనే నిర్దేశించింది.

అయితే అసలు సమాధానం అధికరణాల కంటే లోతైనది. ఒక సూత్రాన్ని విశ్వసించడం వేరు, దాని అర్థాన్ని నిజాయితీగా గ్రహించి వర్తింపజేయడం వేరు. ఇస్లామిక్ అధ్యయనాల్లో ఎం.ఏ. చదివిన భగవాన్‌దాస్ హిందువుగానే జీవించారు. తీర్పుకు ప్రామాణ్యం న్యాయమూర్తి అంతరంగంలోని భక్తి నుంచి రాదు, అందరి ఎదుటా పెట్టి పరీక్షకు నిలిపిన హేతువుల నుంచి వస్తుంది. ఆ హేతువులు బలహీనమైతే స్వమతస్థుడి తీర్పు కూడా బలహీనమే.

ఆచరణలో దీనికి నిదర్శనాలున్నాయి. 1955లో రాజ్యాంగ సభ రద్దుకు సంబంధించిన తమీజుద్దీన్ ఖాన్ కేసులో మెజారిటీ గవర్నర్ జనరల్ పక్షాన నిలవగా, కార్నీలియస్ ఒక్కరే భిన్నాభిప్రాయం రాశారు. 1964లో ఇస్లామిక్ పార్టీ అయిన జమాతే ఇస్లామీని ప్రభుత్వం నిషేధించినప్పుడు, సంఘంగా ఏర్పడే ప్రాథమిక హక్కును ఆధారం చేసుకుని ఆ నిషేధం చెల్లదన్నది ఈ క్రైస్తవుడి నాయకత్వంలోని కోర్టే. 1979లో మాజీ ప్రధానమంత్రి జుల్ఫికర్ అలీ భుట్టో మరణశిక్షను నలుగురు ధ్రువీకరించగా విభేదించిన ముగ్గురిలో దొరాబ్ పటేల్ ఒకరు. 1981లో సైనిక పాలకుల ఉత్తర్వు కింద ప్రమాణం చేయడానికి నిరాకరించి ఆయన పదవినే వదులుకున్నారు. 2007 నవంబరులో భగవాన్‌దాస్ కూడా అటువంటి ప్రమాణాన్ని నిరాకరించారు. అటువంటి ప్రమాణాలను నిరాకరించినవారిలో ముస్లిం న్యాయమూర్తులూ ఉన్నారు కనుక, ఆ ధైర్యాన్ని ఏ ఒక్క మతం ఖాతాలోనూ వేయడం తగదు.

ఒక వ్యక్తి ఉన్నతాసనం చేరినంత మాత్రాన అతని సమాజానికి సమానత్వం సిద్ధించినట్టు కాదన్నదీ అంతే నిజం. పెషావర్ చర్చిపై 2013లో జరిగిన దాడి అనంతరం, 2014 జూన్‌లో ప్రధాన న్యాయమూర్తి తసద్దుక్ హుస్సేన్ జిలానీ మైనారిటీల హక్కుల కోసం జాతీయ మండలినీ, ప్రార్థనాస్థలాలకు ప్రత్యేక పోలీసు దళాన్నీ ఏర్పాటు చేయాలని ఆదేశించవలసి వచ్చింది. ఇస్లామిక్ పార్టీ హక్కును క్రైస్తవ న్యాయమూర్తీ, క్రైస్తవుల రక్షణను ముస్లిం న్యాయమూర్తీ నిలబెట్టిన చోట న్యాయాసనం ఏ మతానికీ సొత్తు కాదని రుజువైంది. ఆ ఆదేశాలు క్షేత్రస్థాయిలో పూర్తిగా అమలైతేనే ఆ రుజువుకు సార్థకత.