తేనెటీగకు గురుదక్షిణ

ఓం నమో భగవతే వాసుదేవాయ.

ఈ వారం వీడియోలో భాగవతం ఏకాదశ స్కంధం నుంచి అవధూతకు, యదు మహారాజుకు జరిగిన సంవాదం చెప్పుకున్నాం. ఆయనకున్న 24 మంది గురువుల్లో తేనెటీగ ఒకటి. చిన్న పువ్వైనా పెద్ద పువ్వైనా దాని దగ్గర కొంచెమే తీసుకుంటుంది. సన్యాసి కూడా అలాగే ఇంటింటా కొద్దికొద్దిగా భిక్ష తీసుకోవాలి, ఎవరికీ భారం కాకూడదు. కూడబెట్టిన తేనెతో పాటే ఆ ఈగ నశిస్తుంది కాబట్టి దాచుకోకూడదు అన్నది రెండో పాఠం.

టైమ్ చాలక వీడియోలో ఒక మాట వదిలేశాను. గురువు అన్నాక దక్షిణ ఉండాలి కదా! తేనెటీగకి మనం ఏమిస్తున్నాం? ఎక్కువ చోట్ల మంట పెడుతున్నాం, లేదా పురుగుల మందు కొడుతున్నాం.

మా అపార్ట్‌మెంట్‌లోనూ అదే జరగబోయింది. నాలుగో అంతస్తు సన్‌షేడ్ కింద కొండ తేనెటీగలు పెద్ద పట్టు పట్టాయి. రాత్రిపూట కాల్పించేద్దామని మీటింగ్‌లో దాదాపు ఖాయమైపోయింది. అప్పుడు తొమ్మిది, పది తరగతుల పిల్లలు నలుగురు లేచారు. "అంకుల్, ఇవి వలస వెళ్లే జాతి. పూత అయిపోతే వాటంతటవే వెళ్లిపోతాయి, కొన్నాళ్లు ఆగండి" అన్నారు. "ఎవరినైనా కుడితే బాధ్యత ఎవరిదమ్మా?" అని ఒక పెద్దాయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఎలర్జీ ఉన్నవాళ్లకి అది ప్రాణాల మీదకి రావచ్చు. పిల్లలు వాదించలేదు. ఆ ఇంటివాళ్లతో మాట్లాడి బాల్కనీ తలుపు మూయించారు. రాత్రి వెలుతురుకి ఈగలు లేస్తాయని అటువైపు లైట్ తీయించారు. చిన్నపిల్లలు ఆడుకునే చోటు వెనక్కి మార్చారు. ఇది రాసేనాటికి పట్టు అక్కడే ఉంది, ఎవరినీ కుట్టలేదు. (మీ దగ్గర పట్టు ఉంటే మాత్రం పిల్లల్ని దాని దగ్గరికి పంపకండి. తప్పనిసరిగా తీయాల్సి వస్తే, కాల్చకుండా తరలించడం తెలిసినవాళ్లనే పిలవండి.)

గృహస్థుకి చెప్పిన పంచ మహాయజ్ఞాల్లో భూతయజ్ఞం ఒకటి. ఇక్కడ భూతం అంటే దెయ్యం కాదండి, పుట్టిన ప్రతి ప్రాణీ. కనుమనాడు పశువులకి పూజ చేయడం, పిచ్చుకల కోసం చూరుకి వరికంకుల కుచ్చులు కట్టడం నాకు ఆ లెక్కలోవే అనిపిస్తాయి. శాస్త్రం దీన్ని జాలి అనలేదు, రోజూ చేయాల్సిన విధి అంది. జాలైతే మూడ్ ఉన్నప్పుడు చేస్తాం. విధి అయితే ఈఎంఐ లాంటిది, తారీఖు వస్తే కట్టాల్సిందే.

ఆ నలుగురికీ ఈ తేడా ఎవరూ చెప్పకుండానే తెలిసినట్టుంది. టెర్రస్ మీద మట్టి మూకుళ్లలో నీళ్లు పెట్టారు. ఈగలు మునిగిపోకుండా వాలడానికి వాటిలో గులకరాళ్లు వేశారు. దోమలు గుడ్లు పెట్టకుండా రోజూ నీళ్లు మార్చాలి కదా, ఎవరి వంతు ఏ రోజో రాసి లిఫ్ట్ పక్కన కాగితం అంటించారు. ఒకబ్బాయి పంచదార నీళ్లు పెడదామన్నాడట. "వాటికి కావాల్సింది పువ్వులురా" అని ఇంకో అమ్మాయి పొద్దుతిరుగుడు గింజలు తెచ్చి నాటింది.

"టెన్త్ పిల్లలకి ఇవన్నీ ఎందుకు?" అనే తల్లిదండ్రులు ఉన్నారు. పిల్లలు పూజ గదిలోకి రావట్లేదని బాధపడేదీ చాలాసార్లు వాళ్లే. రోజుకి పది నిమిషాల పని అది. పారాయణం కంటే తక్కువదని నేననుకోను.

మీ ఇంట్లో తులసి మొక్కలు ఒకటికి మించి ఉంటే, ఒక కుండీలో మంజరులు తుంచకుండా పూయనివ్వండి. పొద్దున్నే నీళ్లు పోయడానికి వెళ్లినప్పుడు దాని మీద ఎవరు వాలారో పిల్లలకి చూపించండి.

వచ్చే వారం, అవధూతకి ఏనుగు నేర్పిన పాఠం.