గట్టుమీది బాట

తనకొరకు వేయబడని బాటమీద నడచువానికి గల హక్కు ఎంత? ఈ ప్రశ్న చిన్నదిగా కనబడును గాని, మన విశ్వాస జీవితమునకు చెందిన గొప్ప సంగతి యొకటి దీనిలో ఇమిడియున్నది. గోదావరి పల్లపు సీమలో సైకిలు త్రొక్కుట అను సామాన్య విషయమును తీసికొని దీనిని ఆలోచింతము.

మట్టిబాటలకును కంకర బాటలకును తగినట్లు చేయబడిన సైకిళ్ళు ఈ కాలమున వచ్చియున్నవి. వీటిని గ్రావెల్ బైకులందురు. పందెపు సైకిలువలె వంపు హ్యాండిలు ఉండును గాని టైర్లు లావు. పందెపు సైకిలు టైరు సుమారు 25 నుండి 28 మిల్లీమీటర్ల వెడల్పుండగా, దీనిది 35 మొదలు 50 వరకును ఉండును. ఈ సవారికి 2022లో ఇటలీ దేశమున మొదటి ప్రపంచ పోటీయు జరిగినది. తారురోడ్డు రద్దీని విడిచి నెమ్మదియైన బాట వెదకు యౌవనస్థులకు ధవళేశ్వరము దిగువనున్న సీమ మిక్కిలి అనుకూలమైనది. అచ్చట గోదావరి గౌతమి, వసిష్ఠ అను పాయలుగా చీలి సముద్రమునకు పోవుచున్నది. ఎక్కుటకు కొండ లేదు, దిగుటకు లోయ లేదు. ఆ పల్లములో ఎత్తయినది ఏటిగట్టును కాలువగట్టును మాత్రమే. గట్టుమీద పోవువానికి ఒక ప్రక్క నీరు, మరియొక ప్రక్క వరిచేలు, కొబ్బరితోటలు.

ఇట్టి సవారి వ్యర్థమని కొందరందురు. మేమట్లు చెప్పము. దేవుడు చేసిన నేలను, నీటిని కన్నులార చూచి సంతోషించుట పాపము కాదు. మన ప్రభువు తానే శిష్యులతో పంటచేల నడుమ నడచెను. కాబట్టి సంతోషించవచ్చునా అనునది ప్రశ్న కాదు. ఎవరి ఖర్చుతో సంతోషించుచున్నామనునదే ప్రశ్న.

గట్టు బాటకొరకు వేయబడలేదు. 1847లో సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరమున ఆనకట్ట పని మొదలుపెట్టించెను. 1852 నాటికి అది ముగిసెను. కాలువలు త్రవ్వబడెను; వేలాది కూలీలు తట్టలతో మోసిన మట్టి గట్లాయెను. ఆ గట్టు పని నీటిని దాని స్థానములో నిలుపుట. బాట అనునది దానికి కలిగిన రెండవ ఉపయోగము. 1986 ఆగస్టు 16న భద్రాచలమువద్ద గోదావరి 75.6 అడుగులకు లేచెను. ధవళేశ్వరమువద్ద 35 లక్షల క్యూసెక్కులకు మించిన నీరు వచ్చెను. గట్లకు గండ్లు పడి ఊళ్ళు, చేలు మునిగిపోయెను. మరల 2022 జూలైలో భద్రాచలమున నీటిమట్టము 71 అడుగులు దాటెను. అట్టి రాత్రులలో ఊరివారు నిద్ర మాని గట్టు కాయుదురు, ఇసుక బస్తాలు వేయుదురు. గట్టుకు వెలుపల ఏటిలోనున్న లంకలవారు పిల్లలతోను పశువులతోను ఆ గట్టుమీదికే వచ్చి తలదాచుకొందురు. కొందరికి అది ఆదివారపు విహారస్థలము. వీరికి ప్రాణము దక్కించుకొను చోటు.

గట్టు ఒక్క వరదతోనే బలహీనమగునా? కాదు. ఎలుక బొరియ, పీత బొరియ, చెట్టు వేరు, చక్రపు గాడి, ఇవన్నియు నెమ్మదిగా పనిచేయును. నానిన మట్టిమీద చక్రము పోయిన గాడి పడును. తరువాతి వాననీరు ఆ గాడి వెంబడి పారి, వాలు దొరికినచోట కోత వేయును. ఆ గాడి వేసినవాడు అప్పటికి ఇల్లు చేరి నిద్రించుచుండును.

ఒక ఆక్షేపణ కలదు. ఇసుక ట్రాక్టరు పోయిన బాటమీద సైకిలు చేయు నష్టమెంత? నిజమే, అది స్వల్పము. సైకిలును నిషేధించవలెనని మేము కోరుట లేదు. అయితే పొరుగువాని తప్పు పెద్దదగుటచేత మన తప్పు ఒప్పు కాజాలదు. నిర్గమకాండము 21వ అధ్యాయములో గొయ్యి త్రవ్వి దానిని మూయకుండ విడిచినవాని విషయమై ఒక విధి కలదు. దానిలో పొరుగువాని పశువు పడిన, గొయ్యి త్రవ్వినవాడే నష్టము చెల్లింపవలెను. చంపు ఉద్దేశము వానికి లేదు. అయినను వాడు ఉత్తరవాది. మనము వెళ్లిపోయిన తరువాత మన వెనుక మిగిలినదియు మనదే.

సంఖ్యాకాండము 20వ అధ్యాయము ఈ విషయములో మనకు చక్కని పాఠము. కాదేషునుండి మోషే ఎదోము రాజునొద్దకు దూతలను పంపెను. మీ దేశముమీదుగా పోనిమ్ము, పొలములోనికి గాని ద్రాక్షతోటలోనికి గాని వెళ్లము, బావి నీళ్లు త్రాగము అని మొదట బతిమాలెను. తరువాత నీళ్లు త్రాగినయెడల వెల ఇచ్చెదమనియు చెప్పించెను. రాజు ఒప్పుకొనలేదు. ఇశ్రాయేలు ఏమి చేసెను? దేవుని వాగ్దానము పొందిన జనమైనను బలవంతముగా చొరబడక, మరియొక దిక్కునకు తిరిగిపోయెను. అడుగుట, హద్దు మీరకుండుట, వాడినదానికి వెల ఇచ్చుట, కాదన్నచోట మరలిపోవుట, ఈ నాలుగును బాటసారి ధర్మములు. ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయముకూడ ఇట్టిదే. పొరుగువాని చేనిలో చేతితో వెన్నులు త్రుంచుకొనవచ్చును గాని కొడవలి వేయరాదు. ధర్మశాస్త్రము దారినపోవువాని ఆకలిని కాదనలేదు. పొలము కలవాని కష్టమును మరువలేదు.

మాసూళ్ళ కాలములో గట్టుబాటమీద రైతు ధాన్యము ఆరబోసియుండును. తలమీద పచ్చగడ్డి మోపుతో ఒక అమ్మ ఎదురు వచ్చును. బాట ఇరుకు, ఎవరో ఒకరు ఆగవలెను. చట్టము చూచిన రోడ్డుమీద ధాన్యము పోయరాదని వాదింపవచ్చును. అయినను ఆ ధాన్యము ఒక కుటుంబపు సంవత్సరపు కూడు. మన సవారి ఒక పూట వేడుక. సైకిలు దిగి, చేతితో నడిపించుకొని, ఆ అమ్మకు దారి యిచ్చి పోయినయెడల మనకు పోవునది రెండు నిమిషములు. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 10వ అధ్యాయములో బోధించినదియు ఇదే. చేయుటకు స్వాతంత్ర్యమున్న ప్రతి పనియు క్షేమము కలిగింపదు; కావున తన మేలునే కాక పొరుగువాని మేలును వెదకవలెను. స్వాతంత్ర్యమును వదలుకొనుమని ఆయన చెప్పలేదు. దానిని ప్రేమ చేతిలో పెట్టుమనెను.

కాబట్టి ప్రియ యౌవనస్థులారా, వెళ్లుడి, సంతోషించుడి. అయితే వాన కురిసి గట్టు నానియున్న దినములలో దానిమీదికి పోకుడి. నడినెత్తినే పోవుడి; వాలుమీదుగా అడ్డదారి దిగకుడి. వరద హెచ్చరిక వచ్చినప్పుడు బాటను ఇసుక బస్తాల బండ్లకు విడిచిపెట్టుడి. తోటలోనుండి పోవు దారియైతే తోటవారిని అడుగుడి. గట్టున బొరియ గాని ఊట గాని కనబడినయెడల ఊరిలో చెప్పి పోవుడి. అప్పుడు మీ విహారమే ఆ ఊరికి కావలి అగును.

మనమందరము ఇతరులు మోసిన మట్టిమీదనే నడచుచున్నాము. మన ఇల్లు, బడి, గుడి, మన చేతిలోని బైబిలు తర్జుమా, ఇవన్నియు మనకు పూర్వులు కట్టిన గట్లే. వాటిమీద సుఖముగా పోవుచు వాటికి గాడి వేయుచున్నామా, లేక మన వెనుక వచ్చువారికొరకు ఒక తట్టెడు మట్టి వేయుచున్నామా? ఈ నెలలో ప్రతివాడును ప్రభువు సన్నిధిని తన్ను తాను పరీక్షించుకొనును గాక.