అడగ్గానే వదిలేసే నోరు

లాబ్రడార్ నోటికి కోడిగుడ్డు ఇచ్చినా పగలకుండా తెచ్చి చేతిలో పెడుతుందంటారు. వేటగాడు కొట్టిన బాతును నీళ్లలోంచి పట్టి తేవాలి, పంటిగాటు పడకూడదు, అడగ్గానే వదిలేయాలి. మాంసం తినే జంతువు నోట్లో మాంసం పెట్టి తినొద్దనడం చిన్న కోరికేం కాదు. మనుషుల్లో అయితే దాన్ని నిగ్రహం అంటాం, పురాణాల్లోకి ఎక్కిస్తాం.

నిజానికి ఈ కుక్క దొరల ఇంటిది కాదు, బెస్తలది. కెనడా తీరంలోని న్యూఫౌండ్‌లాండ్ దీవిలో గాలం జారిన చేపల్ని, తెగిన తాళ్లని మంచునీళ్లలో ఈది తెచ్చేది. చేపల ఓడల మీద ఇంగ్లండులోని పూల్ రేవుకు చేరితే మామ్స్‌బరీ ప్రభువులు ముచ్చటపడి పెంచారు. 1880ల్లో ఆ వంశం నుంచి స్కాట్లండ్‌లోని బక్లూ డ్యూకుకు వెళ్లిన నెడ్, ఏవన్ అనే కుక్కలు నేటి జాతికి మూలపురుషులు. 1903లో కెన్నెల్ క్లబ్ గుర్తింపు వచ్చింది. దీన్ని కన్న ఆ బెస్తల కుక్క జాతి మాత్రం అంతరించిపోయింది.

అలాంటి మంచునీళ్ల కుక్క ఖరగ్‌పూర్ ఎండల్లో ఏం చేస్తోందని అడగొచ్చు. ఇక్కడి మథురాకాటిలో మా బాబాయి ఇంట్లో అది వైశాఖమంతా కుళాయి పక్క తడి సిమెంటు మీద పొట్ట ఆనించి పడుకుని ఉంటుంది. పేరు టైగర్. (ఈ ఊళ్లో కుక్కలన్నీ టైగర్లే.) పేపరువాడు విసిరిన పేపరు తెచ్చిస్తుంది, అంచు చొంగతో తడుస్తుంది గాని ఒక్క కాగితమూ చిరగదు.

స్టేషన్‌లో దాని జాతివాళ్లు ఉద్యోగం చేస్తారు. వెయ్యి మీటర్లు దాటిన ఆ ప్లాట్‌ఫాం మీద పోలీసుతో పాటు నడుస్తూ సంచుల జిప్పుల దగ్గర ముక్కు ఆనిస్తాయి. పేలుడు మందు వాసన తగిలితే మొరగకుండా, గోకకుండా కూర్చోవాలని వాటికి నేర్పుతారు. ఇక్కడా అదే నిగ్రహం. 1993 పేలుళ్ల రోజుల్లో ముంబై పోలీసుల లాబ్రడార్ జంజీర్ 3,329 కిలోల ఆర్‌డీఎక్స్ పట్టించిందని చెబుతారు. ఈ కుక్కల జీతం ఒక బంతి, లేదా ఒక బిస్కెట్టు.

నన్ను ఆలోచనలో పడేసింది ఆ బిస్కెట్టే. 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు చాలా లాబ్రడార్లలో పీఓఎంసీ అనే జన్యువులో ఒక ముక్క లేదని కనుక్కున్నారు. అది లేని కుక్కలకు తిండి మీద యావ ఎక్కువ. పెంపుడు లాబ్రడార్లలో సుమారు పావువంతుకు ఈ లోపం ఉంటే, వికలాంగులకు సాయం చేసే లాబ్రడార్లలో ముప్పావువంతుకు ఉంది. ఆకలి ఎక్కువైన కుక్కే చెప్పిన మాట బాగా వింటుంది కాబట్టి, శిక్షణకు కుక్కపిల్లల్ని ఎంచేవాళ్లు తెలియకుండానే ఆకలిని ఎంచుకున్నారేమో.

అంటే మనం మెచ్చుకునే ఆ మంచితనానికి అడుగున ఉన్నది తీరని ఆకలా? అయితే మాత్రం ఏం తక్కువైంది అంటాను నేను. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి ఇక్కడికి రైలెక్కిన మా తాతలు ఇనుము మీద ప్రేమతో రాలేదు. కడుపు తీసుకొచ్చింది. వర్క్‌షాప్ సైరన్‌కి ముందే గేటు దగ్గర నిలబడ్డారు. దొరలు దానికి క్రమశిక్షణ అని పేరు పెట్టి సర్వీసు పుస్తకంలో రాశారు. వాళ్ల పనితనం మాత్రం అబద్ధం కాదు కదా. ఆకలి మొదలుపెట్టిన దాన్ని చేతులు తర్వాత తమది చేసుకున్నాయి.

నాకు గిట్టనిది వేరే ఉంది. ఆ ఆకలిని తరతరాలుగా పెంచి, వాడుకుని, ఇప్పుడు వేటా వలా లేని ఇంట్లో కట్టేసి, కుక్క లావెక్కితే దాన్ని తిండిపోతంటాం. ఆ జన్యులోపం ఉన్న కుక్కలు విశ్రాంతిలో దాదాపు పావువంతు తక్కువ శక్తి ఖర్చు చేస్తాయని 2024లో తేలింది. ఆకలెక్కువ, ఖర్చు తక్కువ. తప్పు కుక్కదెలా అవుతుంది?

ఇదంతా బాబాయికి చెప్పాను. టైగర్ తుంటి కీళ్లు అరుగుతున్నాయని, బరువు తగ్గించమని పశువుల డాక్టరు చెప్పి వెళ్లాడు. బాబాయి శ్రద్ధగా విన్నాడు. విని, తన కంచంలోంచి రెండో ఇడ్లీ కిందికి జారవిడుస్తూ, "ఇడ్లీలో కొవ్వేటుంటాది బాబూ?" అన్నాడు.