మూత వేయకముందు

ఉగాది మరుసటి రోజును మా హోసూరు వైపు కన్నడిగులు హొసతొడకు అంటారు, వర్షతొడకు అని కూడా అంటారు. మా తెలుగు ఇండ్లలోనూ ఆ మాటే స్థిరపడిపోయింది. పండుగనాడు ఓళిగలు, మరుసటి రోజు యాటకూర. ఏడాది పొడుగునా మాంసం ఎరుగని ఇంట్లో కూడా ఆ ఒక్కరోజు మసాలా నూరే చప్పుడు వినిపించేది. 2011లో అలాంటి ఒక హొసతొడకు నాడు మా ఇంటి గడప దగ్గర చిన్న సంగతి ఒకటి జరిగింది. ఇన్నేళ్ళయినా అది నన్ను విడిచిపెట్టలేదు.

దానికి ముందు మా ఇంటి పెట్టె సంగతి చెప్పాలి. మా అబ్బాయి, కోడలు ఇద్దరికీ బెంగళూరులో ఉద్యోగాలు. రోజూ ఇక్కడినుంచే పోయి వస్తారు. ప్రతి ఆదివారం అంగడి ముందు వరుసలో నిలబడి కిలో, అర కిలో కొనేకంటే, శుక్రవారం కుందారపల్లి సంతలో ఒక పొట్టేలును కొని, కోయించి, పొట్లాలు కట్టి దాచుకుంటే మేలని అబ్బాయి లెక్క వేశాడు. ధర కలిసివస్తుంది, తూకంలో మోసం ఉండదు, తినేది ఏ జీవాన్నో కళ్ళతో చూసి కొంటాం. ఇరవై కిలోలు తూగే పొట్టేలుకు తొమ్మిది పది కిలోల మాంసం వస్తుంది. మా ఇంటికి అది నెలన్నర మాట. అందుకోసం 2010లో పైకి మూత తెరుచుకునే పెద్ద ఫ్రీజర్ కొన్నాడు. లెక్కలో తప్పేమీ లేదు. నేనూ సంతోషించాను.

ఆ ఉగాదికి శుక్రవారం సంతలో కొని, అక్కడే కోయించి తెచ్చి, రాత్రికి రాత్రే పెట్టెలో పేర్చాము. మంగళవారం పొద్దున ఒక ముసలమ్మ గిన్నె పట్టుకొని వచ్చి వాకిట్లో నిలబడింది. మా వీధి దాటాక ఉన్న వాడలో ఆమె ఇల్లు. మా అమ్మ కాలం నుంచీ మా ఇంట్లో యాట కోసిననాడు తలకాయ, కాళ్ళు కాల్చడం, పేగులు కడగడం ఆమె పని. పని అయ్యాక ఆమెకు ఒక పాలు. పాలంటే భాగం. పుస్తకాల్లో తగ్గిపోయినా మా వైపు నోళ్ళలో ఇంకా బతికున్న మాట.

"పొద్దున్నించీ చూస్తా ఉండాను అయివారూ, పిలుస్తారేమోనని" అన్నది.

నా భార్య ఫ్రీజర్ మూత తీసింది. లోపల అంతా రాయి. పొట్లం పొట్లానికి అంటుకొని ఉంది. కత్తి దిగదు. ఆ పూటకు ముందుగా బయటపెట్టిన మాంసం అప్పటికే పొయ్యి మీద ఉడుకుతోంది. "కూర ఇంకాసేపట్లో అయిపోతుంది, తీసుకొని పో అవ్వా" అన్నది నా భార్య, మనస్ఫూర్తిగానే.

ముసలమ్మ తల అడ్డంగా ఊపింది. "కూర వద్దు తల్లీ. నా పాలు ఇస్తే నా మనవడికి నేనే వండి పెట్టుకుంటాను."

"అయితే రేపు రా అవ్వా. ఈ రాత్రికి తీసిపెడితే మెత్తబడుతుంది."

సరేనని ఖాళీ గిన్నెతో వెళ్ళింది. మరునాడు మేము ఒక పొట్లం తీసిపెట్టుకొని కూర్చున్నాము. ఆమె రాలేదు.

కూర ఇస్తామంటే ఎందుకు వద్దన్నది? ఆకలి లేక కాదు. కూర మా దయ. పాలు ఆమె హక్కు. చదువు రాని ఆ మనిషి ఈ రెంటి మధ్య గీతను ఒక్క మాటతో గీసి చూపించింది. అరవై ఏళ్ళు దాటిన బడిపంతులునైన నాకు ఆ గీత అంతవరకూ కనబడలేదు.

నా చిన్నప్పుడు ఊళ్ళో మాంసం కొనడమంటే కుప్పలు వేయడమే. కన్నడంలో గుడ్డె అంటారు. కోస్తా జిల్లాల్లో, తెలంగాణలో పోగు అంటారు. పది ఇండ్లవాళ్ళు కలిసి ఒక పొట్టేలును మాట్లాడుకునేవారు. పది పేర్లు కుదిరేదాకా జీవం మెడ మీద కత్తి పడేది కాదు. కోసినాక ఈతచాప పరిచి పది కుప్పలు పెట్టేవారు. ప్రతి కుప్పలోనూ ఇంత తొడ, ఇంత పక్కటెముక, ఒక కార్జం ముక్క, కాస్త కొవ్వు. అప్పుడొక పిల్లవాణ్ణి చాపకు వీపు తిప్పి నిలబెట్టేవారు. ఒక పెద్దాయన ఏదో కుప్ప మీద వేలుపెట్టి "ఇది ఎవరికి?" అని అడిగేవాడు. పిల్లవాడు నోటికొచ్చిన పేరు చెప్పేవాడు. ఎన్నోసార్లు ఆ పిల్లవాణ్ణి నేనే. మా ఇంటికి మంచి కుప్ప రావాలని ఉండేది కానీ వీపుకు కళ్ళు లేవు గదా. కుప్పలు వేసే ఆయనకూ తనది ఏదో తెలియదు. అందుకే ఎక్కువ తక్కువలు లేకుండా వేసేవాడు.

జాన్ రాల్స్ అనే అమెరికా తత్వవేత్త 1971లో న్యాయాన్ని గురించి ఒక పెద్ద గ్రంథం ప్రచురించాడు. సమాజంలో తన స్థానం ఏదో తెలియకుండా ఒక తెర వెనుక నిలబడి నియమాలు ఏర్పరచుకుంటే అవి న్యాయమైనవిగా ఉంటాయని అందులోని ఒక ముఖ్యమైన ఊహ. చదివినప్పుడు నాకు మా ఈతచాపే గుర్తొచ్చింది.

అయితే పాతదాన్ని పొగిడి ఊరుకుంటే అబద్ధమవుతుంది. నేను చాపకు వీపు తిప్పి పిలిచిన పేర్లలో ఆ ముసలమ్మ పేరు ఎన్నడూ లేదు. వాడలోని ఏ ఇంటి పేరూ లేదు. వాళ్ళ పాలు చాప మీద పడేది కాదు. పక్కన ఒక ఆకులో, చేసిన పనికి కూలిగా పెట్టేవారు. మా తెర చాప అంచు దగ్గరే ఆగిపోయింది. ఆ అంచు ఎక్కడుండాలో నిర్ణయించినవాళ్ళకు మాత్రం తమ స్థానం బాగా తెలుసు. ఇది ఒప్పుకోకుండా కుప్పల కాలాన్ని స్వర్ణయుగమనడం నాకు చేతకాదు. అయినా ఆకులోని ఆ పాలు చిన్నదే గాని ఖాయం. అడగకుండానే వచ్చేది. మా ఫ్రీజర్ ఆ కాస్త ఖాయాన్ని కూడా తీసేసింది.

ఎలా తీసేసింది? ఈ ప్రశ్నకు నాకు మూడువందల ఏళ్ళ కిందటి ఒక ఇంగ్లీషు పుస్తకంలో దారి దొరికింది. జాన్ లాక్ 1689లో వెలువరించిన ప్రభుత్వ ప్రకరణాలలో ఆస్తి ఎక్కడ పుట్టిందో చర్చిస్తాడు. ప్రకృతి ఇచ్చినదానిలోంచి మనిషి తన శ్రమతో ఎంతైనా తీసుకోవచ్చు, కానీ చెడిపోకముందు వాడుకోగలిగినంతే అంటాడు. అంతకు మించినది ఇతరుల భాగం. కుళ్ళిపోవడమే హద్దు. వారంలో కుళ్ళే పండ్లను ఏడాది నిలిచే గింజలకు మార్చుకుంటే తప్పులేదు. ఇక బంగారం, వెండి అసలే కుళ్ళవు గనుక, వాటి రూపంలో ఎంత దాచినా ఆ హద్దు అడ్డురాదు. అంటే నాణెం వచ్చాక హద్దు ఉండీ లేనట్టే.

మాంసానికి ఫ్రీజర్ చేసినపని అదే. సున్నాకు దిగువ 18 డిగ్రీలలో సూక్ష్మజీవులు చావవు, నిద్రపోతాయి. కొవ్వు మెల్లగా రుచి మారుతుంది, అంచులు ఎండుతాయి, కానీ కుళ్ళదు. సాయంత్రానికి వాసన వచ్చే వస్తువు నాణెమై కూర్చుంటుంది. హద్దు పోయింది.

ఇదివరకు దాచుకోవడం లేదా అని అడగవచ్చు. ఉండేది. మా అమ్మ మిగిలిన మాంసాన్ని పొడుగ్గా చీల్చి, ఉప్పు పసుపు పట్టించి, దారానికి గుచ్చి ఎండలో దండెం మీద వేసేది. ఉప్పుకండ అంటాము. కానీ దండెం వీధికి కనబడేది. ఏ ఇంట్లో ఎంత మిగిలిందో కాకులకూ తెలుసు, పిల్లలకూ తెలుసు. అడిగేవాడికి అడగడానికి ఆధారం ఉండేది, లేదనడానికి ఇంటావిడకు నోరు వచ్చేది కాదు. పెట్టెకు మూత ఉంది. లోపల ఏముందో ఎవరికీ తెలియదు. పది రోజులు పోతే మాకే తెలియదు.

నా భార్య ఈ వాదాన్ని ఒప్పుకోలేదు. "చీల్చి ఎండబెట్టింది మీరా, మీ అమ్మా? యాట కోసిననాడు ఆమె అర్ధరాత్రి దాకా పొయ్యి దగ్గరే ఉండేది. మీరు వీపు తిప్పి పేర్లు చెప్పి ఆడుకోడానికి పోయినారు. నాకు ఆ చాకిరీ తప్పించింది ఈ పెట్టె. దాన్ని తిట్టడానికి మీకేం అధికారం?" అన్నది. జవాబు లేదు. కోడలు రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరి కూడా ఇంత కూర వండగలుగుతున్నదంటే ఆ పెట్టె చలవే. యంత్రం మీద నింద మోపడం తేలిక. యంత్రం మూత దానంతటది వేసుకోదు.

జీవం సంగతి కూడా ఉంది. తమిళనాట ఉంటూ వళ్ళువర్‌ను తప్పించుకోలేము. తిరుక్కురళ్‌లో 26వ అధికారం మాంసం మానడం గురించినది. తినడానికి కొనేవాళ్ళు లేకపోతే అమ్మడానికి చంపేవాళ్ళూ ఉండరని ఆయన వాదం. నేను మానలేదు, గనుక ఆయన ముందు దోషినే. అయితే ఆయనే 33వ అధికారంలో, చంపకూడదని చెప్పేచోట, ఉన్నదాన్ని పంచుకొని తింటూ పలు జీవాలను కాపాడడాన్ని ధర్మాలన్నిటిలో తలమానికమంటాడు. మొదటిది పాటించనివాడు రెండోదాన్ని కూడా వదిలేయాలా? కుప్పల కాలంలో తినేవాళ్ళ లెక్క తేలాకే జీవం పోయేది. 1882లో డునెడిన్ అనే ఓడ న్యూజిలాండు నుంచి సుమారు 5000 గొర్రెల మాంసాన్ని గడ్డకట్టించి లండనుకు చేర్చినప్పటినుంచి ఆ లెక్కతో పనిలేకపోయింది. ముందు చంపవచ్చు, తినేవాడు తర్వాత ఎక్కడో దొరుకుతాడు. మా పెట్టె అడుగున ఒకసారి ఏడాది నాటి పొట్లం దొరికింది. అంచులు తెల్లబారి, అట్టలా ఎండిపోయి ఉంది. వండితే నోట పెట్టలేకపోయాము. పారేశాము. ఆ ముక్కల మేరకు ఒక ప్రాణం ఎవరికోసమూ కాకుండా పోయింది. ముసలమ్మ గిన్నె ఖాళీగా వెనక్కి వెళ్ళిన ఉగాదికి కొన్నదేనేమో అది. కాదని చెప్పలేను.

2012లో తమిళనాడంతటా గంటల తరబడి కరెంటు కోతలు. ఆ దీపావళికి పెట్టె సగం దాకా నింపి ఉన్నాము. కోతలకు తోడు మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. మూత తెరవకుంటే సగం నిండిన ఫ్రీజర్ దాదాపు ఒకరోజు చలిని పట్టి ఉంచుతుంది. ఆ గడువు ముగిసే వేళకు మూత తీస్తే పొట్లాల నడుమ ఇంకా మంచు పలుకులు మిగిలి ఉన్నాయి. ఇక ఆగితే దక్కదని అంతా బయటికి తీశాము. పచ్చిదే కొలిచి ఇంటింటికీ పంచాము. నేనే ఒక గిన్నె తీసుకొని వాడలోకి వెళ్ళి ముసలమ్మకు ఇచ్చాను. ఆమె గిన్నెలోకి చూసి, నా మొహం చూసి నవ్వింది.

"కరెంటు పోతేనే మా పాలు వస్తుందా అయివారూ?"

ఎత్తిపొడుపు కాదది. నిజంగానే అడిగింది. నాకు దాచుకోవడానికి వీల్లేనిదాన్ని నేను ఆమెకు ఇచ్చాను. అది దానమెట్లా అవుతుంది? అలా చూస్తే మా అమ్మ పంచిందీ చెడిపోతుందనే గదా, ఆమెది మాత్రం గుణమా అని నన్ను నేను అడుగుకున్నాను. చాలా రోజులు ఆలోచించాక ఒకటి తోచింది. మా అమ్మకు మాంసం తనదై, ఆ తర్వాత పంచవలసి వచ్చేది కాదు. పంచినాక మిగిలిందే ఆమెది. విభజన ముందు, సొంతం తర్వాత. మా ఇంట్లో క్రమం తిరగబడింది. అంతా మాదైపోతుంది, ఆ తర్వాత ఇస్తాము. మాదైనదాన్ని ఇస్తే అది దయే అవుతుంది గాని పాలు కాదు. పాత రోజుల్లో ఆ క్రమాన్ని కుళ్ళు కాపాడింది. ఇప్పుడు మనిషే కాపాడాలి. ఎవరూ బలవంతం చేయరు గనుక, మొట్టమొదటిసారిగా అది మన గుణానికి పరీక్ష అయింది.

2013 ఉగాది నుంచి మా ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాము. మాంసం ఇంటికి రాగానే, ఒక్క పొట్లమైనా పెట్టెలోకి పోకముందే కుప్పలు వేస్తాము. ఎవరి కుప్ప వారికి పచ్చిగా ఉన్నప్పుడే, ఆ పూటే చేరాలి. మూత ఆ తర్వాతే. మొదటి రెండేళ్ళు ముసలమ్మ తన పాలు తీసుకున్నది. ఏమీ అనలేదు. తర్వాత ఆమె పోయింది. ఆ పాలు మనవడికి పోతోంది. అతను ఆటో నడుపుతాడు.

నిరుడు ఇవ్వబోతే నవ్వి, "ఎందుకు అయివారూ, మా ఇంట్లోనూ ఫ్రిజ్జు ఉండాది. ఉగాది చీటీ కట్టినాను, నాకూ మాంసం వస్తుంది" అన్నాడు. నిజమే. బెంగళూరులో, మా వైపున నెలనెలా కొంత కట్టి ఉగాదికి మాంసం తీసుకునే చీటీలున్నాయి. అతనికిప్పుడు మా పాలుతో అవసరం లేదు. అవసరం లేనిచోట పాలుకు అర్థముందా అని ఒక క్షణం తటపటాయించాను.

ఆ పొద్దు కూరను వద్దన్న ఆమె చేయి గుర్తొచ్చింది. "ఇది మీ అవ్వదప్పా, నాది కాదు" అన్నాను. అతను ఇంకేమీ అనకుండా తీసుకున్నాడు.