మనం గెలిచాం, వాళ్లు ఓడిపోయారు



ఆట ముగిసిన రాత్రి టీ కొట్టు దగ్గర సాగే మాటలను ఎప్పుడైనా శ్రద్ధగా విన్నారా? జట్టు గెలిస్తే "మనం గెలిచాం" అంటారు. అదే జట్టు మరునాడు ఓడితే "వాళ్లు ఓడిపోయారు" అంటారు. ఆడినవారూ వారే, చూసినవారూ వారే. 'మనం' మాత్రం ఒక్క రాత్రిలో 'వాళ్లు' అయిపోయింది. చిన్న మాటే గాని, దాని వెనుక పెద్ద ప్రశ్న ఉంది. గెలిచినంత కాలమే మనవాళ్లు అనుకుంటే, వారు ఎన్నడైనా మనవాళ్లేనా?

విశాఖపట్నంలో ఉన్నవారికి ఈ ప్రశ్న కొత్తది కాదు. 2014లో ప్రో కబడ్డీ లీగ్ ఎనిమిది జట్లతో మొదలైనప్పుడు అందులో మన తెలుగు టైటాన్స్ ఒకటి. మన రాజీవ్ గాంధీ ఇండోర్ స్టేడియమే ఆ జట్టుకు తొలి ఇల్లు. పెద్దవారు చెడుగుడు అని పిలిచిన ఆట, పండుగనాడు మట్టిలో గీత గీసి కూత పెట్టిన ఆట, దీపాల వెలుగులో మ్యాట్ మీదికి వచ్చింది. తొడ కొట్టి సవాలు చేయడం మన జనానికి ఎవరూ నేర్పనక్కరలేదు. ఆటగాడు తొడ కొడితే గ్యాలరీలో పిల్లలూ తొడ కొట్టారు. గీత దాటి కూతకు వెళ్లిన వాడితో పాటు ఊపిరి బిగబట్టారు.

ఆ తొలి రోజుల్లో అందరి నోటా వినిపించిన పేరు రాహుల్ చౌదరి. ఉత్తరప్రదేశ్ నుండి వచ్చిన ఆ యువకుణ్ణి తెలుగువారు సొంతం చేసుకున్నారు. ఈ లీగ్‌లో కూతతోనే 500 పాయింట్లు దాటిన మొదటి ఆటగాడు ఆయనే. 2015లో జట్టు మూడవ స్థానం సాధించింది. అప్పుడు అందరికీ అది 'మన జట్టే'.

తరువాత కష్టకాలం వచ్చింది. 2021-22 సీజన్‌లో 22 మ్యాచ్‌లు ఆడి ఒక్కటే గెలిచింది. 2022లో రెండు గెలిచింది. 2023లో పవన్ సెహ్రావత్‌ను వేలంలో 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు తెచ్చుకున్నారు. అప్పటికి అది లీగ్ చరిత్రలోనే పెద్ద ధర. అయినా ఆ సీజన్‌లోనూ గెలుపులు రెండే. వరుసగా మూడు సీజన్లు చిట్టచివరి స్థానం! అప్పుడు ఎంతమంది 'మన జట్టు' అన్నారో ఎవరికి వారే చెప్పుకోవాలి. నేనూ ఆ రోజుల్లో 'వాళ్లు' అన్నవాణ్ణే.

"వేలంలో కొన్న ఆటగాళ్లు ఈరోజు ఇక్కడ, రేపు మరొక చోట. వారిని మనవాళ్లు అనడం అమాయకత్వం కాదా?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఏడేళ్ల తరువాత, 2025 ఆగస్టు 29న, లీగ్ మళ్లీ విశాఖ వచ్చింది. తొలి మ్యాచ్‌లోనే టైటాన్స్ 35-38 తేడాతో తమిళ్ తలైవాస్ చేతిలో ఓడింది. ఆ ఎదుటి జట్టులో ఉన్నది ఎవరో కాదు, అదే పవన్ సెహ్రావత్!

అయితే సొంతదనం కాగితం మీద సంతకంతో వచ్చేదేనా? అమెరికాలో గ్రీన్ బే అనే చిన్న పట్టణంలో 1919లో పుట్టిన ఫుట్‌బాల్ జట్టు ఒకటి ఉంది, పేరు ప్యాకర్స్. 1923 నుండి దానికి యజమానులు వాటాలు కొన్న ప్రజలే. ఆ వాటాపై లాభం పంచరు. అయినా జనం కొన్నారు. వారికి దక్కేది 'ఇది మాది' అనే మాట ఒక్కటే. ఓడిన ఏడాది కూడా ఆ మాట నిలుస్తుంది. మన చేతిలో వాటా కాగితం లేదు. కాని ఆ మాట అనడానికి కాగితం అక్కరలేదు గదా!

ఇది ఆటతో పోయే విషయమైతే ఇంతగా వ్రాయనవసరం లేదు. మన ఇళ్లలోకి ఒకసారి చూడండి. ఫలితాలు వచ్చిన రోజు కొడుకుకు మంచి మార్కులు వస్తే తండ్రి వీధిలో నిలబడి "మా అబ్బాయి" అంటాడు. అదే కొడుకు తప్పితే వంటింటి వైపు తిరిగి "చూశావా నీ కొడుకు నిర్వాకం!" అంటాడు. ఉదయం దాకా 'మా' అయినవాడు మధ్యాహ్నానికి 'నీ' అయిపోయాడు. గది మూలన తల వంచుకుని కూర్చున్న ఆ పిల్లవాడు మార్కుల సంగతి మరచిపోవచ్చు. ఆ ఒక్క మాటను మరచిపోడు. తప్పిపోయిన కుమారుని కథలో పెద్దవాడు చేసిందీ ఇదే. తిరిగి వచ్చినవాణ్ణి తమ్ముడని పిలవడానికి వాడికి నోరు రాలేదు.

మనవాడు అంటే తప్పును కప్పిపుచ్చమని కాదు. నిజమైన అభిమాని జట్టు రక్షణ బలహీనంగా ఉందని అందరికంటే ముందు చెబుతాడు. కాని "మన రక్షణ బాగుపడాలి" అని చెబుతాడు. అలాగే మన జట్టుపై ప్రేమకు ఎదుటి జట్టుపై ద్వేషం అక్కరలేదు. పందెం కాసినవాడి సంగతి వేరు. వాడికి జట్టు లేదు, డబ్బే ఉంది.

కబడ్డీలోనే ఒక చక్కని నియమం ఉంది. ఔటైనవాడు గీత బయట కూర్చోవాలి. తన బలంతో తాను తిరిగి రాలేడు. లోపల ఉన్న తోటివారు ఎదుటివాణ్ణి ఔట్ చేస్తే, బయట ఉన్నవారిలో ముందుగా వెళ్లినవాడు మళ్లీ ఆటలోకి వస్తాడు. ఔటైనవాడికి కూడా జట్టులో చోటు అలాగే ఉంటుంది. వాణ్ణి లోపలికి తేవడం మిగిలినవారి పని.

మూడేళ్లు అడుగున ఉన్న టైటాన్స్ 2025లో ప్లేఆఫ్ దాకా వెళ్లి, ఫైనల్‌కు ఒక్క మెట్టు దిగువన పుణేరి పల్టన్ చేతిలో ఓడింది. పన్నెండు సీజన్లలో కప్పు ఒక్కసారీ రాలేదు. వస్తుందని హామీ కూడా లేదు. ఆ ఓటమి రాత్రి కూడా "మనం ఓడిపోయాం" అన్నవారు కొందరు ఉండే ఉంటారు. వారి దగ్గర మనం నేర్చుకోవలసింది ఉంది.

ఈ వారం మీ ఇంట్లో, మీ విచారణలో, గీత బయట కూర్చున్నవారు ఎవరో చూడండి. ఉద్యోగం పోయినవాడు కావచ్చు, పరీక్ష తప్పిన పిల్ల కావచ్చు. వారిని గూర్చి మాట్లాడేటప్పుడు మీ నోట వచ్చేది 'మన' అనే మాటేనా? ఒక్క క్షణం ఆగి విని చూడండి.