చెఱ విడిచినవారికిఁ జేతిపని

చెఱనుండి విడిపించినంతమాత్రమున స్త్రీకి స్వాతంత్ర్యము కలుగునా? హైదరాబాదు పాతబస్తీలోని మెహబూబ్ కీ మెహెందీ యను వేశ్యావాటికను 1996వ సంవత్సరమున ఖాళీ చేయించిరి; అందలి స్త్రీలు దిక్కులేక వీథిపాలైరి. ఆ యేఁటనే, ఖాళీపడిన యొక వేశ్యాగృహమున వారి పిల్లలకు బడి పెట్టి, సునీతా కృష్ణన్, జోస్ వెట్టికాటిల్ గారలు ప్రజ్వల సంస్థను నెలకొల్పిరి. విడుదలయైన స్త్రీలకు ఆ సంస్థ వడ్రంగము, వెల్డింగు, పుస్తకముల బైండింగు నేర్పినది.

కుట్టుపనియు నప్పడములును చాలవా యని మనలోఁ గొంద ఱడుగుదురు. ఆఁడుదానికిఁ దగిన పని యనఁగా నేమి? కడుపు నింపని పని తగినదెట్లగును? ఇంటిల్లిపాది కూలియు నప్పునకుఁ జాలకపోవుటచేతనే గదా పెక్కుచోట్ల దళారి యా గుమ్మము త్రొక్కినది! మరల నంతటి కూలినే చేతఁబెట్టి పంపితిమేని, వాఁడు వీథి మలుపున వేచియే యుండును. నిజమే, నిద్రలో నులికిపడు బాలకు ముందు కావలసినది విశ్రాంతియు వైద్యమును, పనిముట్టు తరువాత.

ఇఁక మన మాట. చందాపట్టీలోఁ బేరు వ్రాయించుకొనుటకు వెనుదీయము. మన యింటి తలుపు విఱిగిననాఁ డామెను బిలిచి, పూర్వకథ యడుగక, వడ్రంగి కిచ్చు కూలియే యిత్తుమా?